అద్దె కొరకు ఇల్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఆ సామెత పుట్టిన నాడు ఇల్లు అంటే తాము కాపురముండే ఇల్లే. ఈనాడు ఒక ఇంటిలో తాము ఉంటూ, మరొక ఇంటిని అద్దెకిచ్చి, ఆ రాబడితో వార్ధక్యం గడపవలెనన్న కోరిక మధ్యతరగతి కుటుంబాలలో బలంగా నాటుకొన్నది. ఉద్యోగం విరమించిన ఉపాధ్యాయుడు తన భవిష్యనిధిని, పొలం అమ్ముకొన్న రైతు ఆ సొమ్మును, విదేశంలో ఉన్న కుమారుడు పంపిన పైకాన్ని తండ్రి ఇందులోనే పెడుతున్నారు. ఇది జీవితంలో ఒక్కసారి చేతికి వచ్చే సొమ్ము. పోయినచో మరల రాదు. కావున మొదటిసారి ఈ పనికి పూనుకొనేవారికి ఉపకరించే నాలుగు మాటలు మనవి చేస్తాను.

నేను అర్థశాస్త్రవేత్తను కాను. ఇరవై ఏళ్ళు అద్దె ఇండ్లలో కాపురం చేసి, తరువాత ఒక చిన్న ఫ్లాటుకు యజమానినై, ఈ వ్యవహారాన్ని రెండు ప్రక్కల నుండి చూచినవాణ్ణి మాత్రమే.

మొట్టమొదట చేయవలసినది లెక్క. ఉదాహరణకు 60 లక్షల రూపాయల ఫ్లాటు ఒకటి కొన్నారనుకొందాము. స్టాంపులు, రిజిస్ట్రేషను, చిల్లర మరమ్మతులు కలిసి మరి ఐదు లక్షలు. అద్దె నెలకు 18,000. సంవత్సరానికి 2,16,000 వస్తుందని సంతోషిస్తాము. కాని ఏడాదిలో ఒక నెల ఇల్లు ఖాళీగా ఉండుట సహజం. అందు నిమిత్తం 18,000 తీసివేయండి. ఆస్తిపన్ను 6,000, సున్నాలకూ కుళాయిలకూ 18,000, బ్రోకరుకు 9,000 అనుకొంటే, చివరకు చేత మిగిలేది 1,65,000. పెట్టిన 65 లక్షల మీద ఇది సుమారు రెండున్నర శాతం. ఇంటి విలువ కాలక్రమేణ పెరగవచ్చును. అయితే అది ఆశ. అద్దె ఒక్కటే ఆదాయం. ఆశను ఆదాయపు పద్దులో వ్రాసుకొనరాదు.

అప్పు చేసి కొనేవారు ఇంకొక లెక్క కూడా వేయవలె. 40 లక్షల అప్పు, తొమ్మిది శాతం వడ్డీ, ఇరవై ఏళ్ళ గడువు అయితే నెలసరి వాయిదా సుమారు 36,000. అనగా అద్దె వాయిదాలో సగానికే సరిపోతుంది. మిగిలిన సగం మీ జీతం నుండి రావలె. మొదటి నెల వాయిదాలో 30,000 వడ్డీకే పోయి, అసలులో తీరేది ఆరు వేలు మాత్రమే. అద్దెతోనే అప్పు తీరిపోతుందని ఎవరైనా చెప్పినప్పుడు కాగితం, కలం తీసుకొని వారి ఎదుటనే ఈ లెక్క వేయండి. ఇల్లు ఖాళీగా ఉన్నా ఆరు నెలలపాటు వాయిదాలు కట్టగల నిలువ చేతిలో లేనివారు తొందరపడకుండుట మంచిది.

రెండవది, చోటు. ఇక్కడ నేను చేసిన పొరపాటు చెప్పక తప్పదు. మా నాయనగారు పోయిన తరువాత ఊరిలోని ఎకరం అమ్మి, నా వాటా సొమ్ముతో నగరపు చివర ఒక ఫ్లాటు కొన్నాను. కిటికీ తీస్తే కొండ కనిపిస్తుంది, చప్పుడు లేదు, గాలి బాగున్నది. నాకు ఎంతో నచ్చినది. కాని బస్సు దిగి రెండు కిలోమీటర్లు నడవవలె. దగ్గరలో బడి లేదు, మందుల దుకాణం లేదు. 14,000 అద్దె అని బోర్డు కట్టితే వచ్చి చూచినవారందరూ గాలి బాగున్నదని మెచ్చుకొని వెళ్ళిపోయారు. ఏడు నెలలు ఇల్లు ఖాళీ. మా నాయనగారి చేతిలో ఏటా పంట పండిన ఎకరం, నా చేతిలో తాళం వేసిన గది అయినది.

చివరకు అద్దె 12,000కు దించగా ఒక నర్సు, ఆమె తల్లి వచ్చి చేరారు. నాలుగేళ్ళుగా ఉన్నారు. ఈ నాలుగేళ్ళలో నేను తగ్గించుకొన్న అద్దె మొత్తం 96,000. ఆ ఏడు నెలల పట్టుదలకు నేను చెల్లించిన మూల్యం 98,000. ఈ రెండు అంకెలను ప్రక్క ప్రక్కన వ్రాసుకొన్న నాడు నాకు బుద్ధి వచ్చినది. మనకు నచ్చిన ఇల్లు వేరు, అద్దెకుండేవారికి కావలసిన ఇల్లు వేరు. బస్సు, బడి, ఆసుపత్రి, మంచినీరు, వీటి తరువాతనే కొండ.

ఇంటిని మండువేసవిలో ఒకసారి, పెద్ద వాన కురిసిన మరునాడు ఒకసారి చూడండి. వేసవిలో నీటి సంగతి, వానలో పల్లపు సంగతి తెలిసిపోతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో సింగ్‌నగర్ మొదలైన పేటలు రోజుల తరబడి నీటిలో నిలిచినవి. నీరు ఎంతవరకు వచ్చినదని ఇరుగు పొరుగును అడిగితే గోడ మీద గీత చూపిస్తారు. అమ్మేవారు చూపించరు.

మూడవది, కాగితాలు. మూల దస్తావేజు మొదలు నేటివరకు లింకు దస్తావేజులన్నీ, కనీసం ముప్ఫయి ఏళ్ళ ఈసీ, మంజూరైన ప్లాను, నివాసయోగ్యతా పత్రం, ఆస్తిపన్ను రసీదులు న్యాయవాదికి చూపించండి. ఆ భూమి నిషేధిత జాబితాలో లేదని రిజిస్ట్రారు కార్యాలయంలో రూఢి చేసుకోండి. 2016 నాటి రెరా చట్టం క్రింద నమోదు కావలసిన నిర్మాణమైతే ఆ నమోదు సంఖ్య అడగండి. జనరల్ పవర్ పత్రం మీద జరిగే అమ్మకం యాజమాన్య హక్కును బదిలీ చేయదని 2011లోనే సుప్రీంకోర్టు స్పష్టపరచినది. 1,200 అడుగుల ఫ్లాటు అన్నప్పుడు గోడల నడుమ మనిషి నడిచే స్థలం ఎంతో, భూమిలో మీ అవిభాజ్య వాటా ఎన్ని గజాలో వేరుగా తెలుసుకొనవలె.

నాలుగవది, ఒప్పందం. పదకొండు నెలల ఒప్పందం ఎందుకు వ్రాస్తారో చాలమందికి తెలియదు. ఏడాదికి మించిన కౌలును రిజిస్టరు చేయవలెనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం విధిస్తున్నవి. ఆ శ్రమ తప్పించుకొనుటకే పదకొండు నెలలు. ఎన్ని నెలలకైనా ఒప్పందం వ్రాతలో ఉండవలె. అద్దె, అడ్వాన్సు, ఖాళీ చేయుటకు ముందు ఇవ్వవలసిన నోటీసు, సున్నాలు ఎవరు వేయించవలె, చేరిన నాటి కరెంటు మీటరు అంకె, ఇంటిలోని పంకాలు, దీపాలు అన్నీ అందులోకి ఎక్కవలె. నివాసపు ఇంటికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదని 2021లో కేంద్రం రూపొందించిన నమూనా చట్టం సూచించినది. అది రాష్ట్రాలకు మార్గదర్శకం మాత్రమే. అయినా న్యాయమైన కొలత.

ఆషాఢంలోను, పుష్యంలోను మనవారు ఇల్లు మారరు. జ్యేష్ఠం చివర ఇల్లు ఖాళీ అయినచో శ్రావణం దాకా ఆగవలసి రావచ్చును. బడులు తెరిచే ముందు వేసవిలో అడిగేవారు ఎక్కువ. ఒప్పందపు గడువు ఆ రోజులలో ముగిసేటట్లు చూచుకొనుట తెలివైన పని.

పన్ను సంగతి ఒక్క మాట. అద్దె ఆదాయానికి పన్ను ఉన్నది. అయితే మీరు కట్టిన ఆస్తిపన్ను తీసివేసిన తరువాత మిగిలినదానిలో 30 శాతం, మరమ్మతులకు ఎంత ఖర్చయినదన్న ప్రశ్న లేకుండా మినహాయిస్తారు. అప్పు మీది వడ్డీకి కూడా మినహాయింపు ఉన్నది. రసీదులు దాచుకోండి.

చివరగా అద్దెకు వచ్చేవారి ఎంపిక. ఉద్యోగం, ఇదివరకటి యజమాని మాట, గుర్తింపు పత్రాలు విచారించుట సబబు. కులమేమిటి, ఏమి వండుకొంటారు అని విచారించుట సబబు కాదు. నేను అద్దెదారుగా ఉన్న రోజులలో ఈ ప్రశ్నలకు జవాబు చెప్పలేక మా ఆవిడతో సహా మెట్లు దిగి వచ్చిన ఇండ్లు మూడు ఉన్నవి. ఆ యజమానులు నెల నెలా మొదటి తేదీన అద్దె ఇచ్చే మనుషులను పోగొట్టుకొన్నారు.

పొలానికి ఎరువు ఎట్లో, అద్దె ఇంటికి మంచి అద్దెదారు అట్లా. కుళాయి కారుతున్నదని కబురు వస్తే మరునాడే మనిషిని పంపండి. ఆ నర్సుగారి తల్లి నా కిటికీ క్రింద కరివేపాకు మొక్క నాటినది. ఇల్లు ఖాళీ చేసే ఆలోచన ఉన్నవారు కరివేపాకు నాటరు. నా లెక్కల పుస్తకంలో వ్రాయలేని రాబడి అది.