హెడ్డింగుకెక్కని సంతకాలు



మన గూడేలు పేపర్లో పడేది వానాకాలంలోనే. ‘మంచం పట్టిన మన్యం’, ‘అంతుచిక్కని జ్వరం’ అని పెద్దక్షరాలు. మలేరియా దోమతో వస్తదని మన బడిపిల్లలకు కూడా తెలుసు, ఇంక అంతుచిక్కనిది ఏముంది? దోమల మందు ఎప్పుడు కొట్టారు, పీహెచ్‌సీలో రక్తపరీక్ష కిట్లు ఉన్నాయా అని రాస్తే అది వార్త. సరే, దాన్ని పక్కన పెడతా. ఇవాళ చెప్పాలనుకున్నది సూది సంగతి.

2009లో ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గార్డాసిల్ అనే టీకా వేశారు. సుమారు 14 వేల మందికి. గర్భసంచి ముఖద్వారానికి క్యాన్సర్ రాకుండా వేసే టీకా అది. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి చేసిన పని. వాళ్లలో హాస్టల్ పిల్లలు, మన పిల్లలు ఎంతోమంది. టీకా వేయించుకున్నవాళ్లలో కొందరు చనిపోయారు. మహిళా సంఘాలు ఊళ్లు తిరిగి అడిగాక, 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు.

అప్పుడు మీడియా మనల్ని ‘గినీ పందులు’ అన్నది. మన పక్షాన రాస్తున్నామనే అనుకున్నారు కావచ్చు. కానీ మా ఊళ్లో ఆ వార్తల్లోంచి మిగిలింది ఒక్కటే మాట: ఆ సూది చంపుతది.

మరణాలకు టీకా కారణమైనట్టు లేదని విచారణ కమిటీ చెప్పింది. ఆ మరణాలను లోతుగా చూడకుండానే తేల్చేశారని 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం తప్పుపట్టింది. ఆ నివేదికలోనే ఇంకో లెక్క ఉంది, ఒకసారి నెమ్మదిగా చదవండి. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. అంటే నాలుగింట ఒక వంతు కంటే ఎక్కువ! అమ్మానాన్న గూడెంలో ఉండగానే బిడ్డ ఒంట్లోకి ఏం పోవాలో వార్డెన్ ఒప్పుకున్నాడు.

టీకా మంచిదా చెడ్డదా అనేది ఒక ప్రశ్న. మమ్మల్ని అడిగారా లేదా అనేది ఇంకో ప్రశ్న. హెడ్డింగులో రెండూ కలిపేసరికి మొదటిదానికి భయం జవాబైంది, రెండోది ఎవరికీ గుర్తు లేదు. పైగా ఇప్పుడు మనం టీకాకు వెనకాడితే ‘మూఢనమ్మకాలు’ అని రాస్తున్నారు. ఆ భయం మనకు ఏ దేవర చెప్పాడు?

2023 నుంచి మన దేశంలో తయారైన సెర్వావాక్ కూడా దొరుకుతోంది. మొన్న మా గూడెంలో దీని మాట వస్తే ఒక పెద్దమ్మ అడిగింది, “బిడ్డా, అప్పట్ల పేపర్ల పడ్డ సూదేనా ఇది?”

“అదే రోగానికి పెద్దమ్మా, కంపెనీ వేరు. చాలా దేశాల్లో ఆడపిల్లలకు వేస్తున్నరు, పనిచేస్తున్నది” అన్నా.

“అయితే ఈసారి కాయితం నా ముందర చదవమను. మన కోయ మాటల చెప్పమను. అప్పుడు ఏలు ముద్ర వేస్తనో లేదో నేను చెప్తా.”