ఇన్సులిన్ సీసా మీద 'హ్యూమన్' అన్న మాట
(నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన నెల టీ తాగుతుండగా ఒక మిత్రుడు అడిగారు: "ఇన్సులిన్ సీసా మీద హ్యూమన్ అని రాసి ఉంటుంది. మనుషుల్లోంచి తీస్తారా ఏమిటండీ?" నలుగురూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. 1985లో మా అమ్మకు షుగరు ఎక్కువై ఇన్సులిన్ మొదలుపెట్టారు. అది పశువుల క్లోమగ్రంథి నుంచి తీస్తారని ఎవరో చెవిలో వేశారు. అంతే, రెండు రోజులు సూది మానేసింది. డాక్టరుగారు ఆపద్ధర్మమని నచ్చజెప్పాక గాని ఒప్పుకోలేదు. "పశువుది మనిషికెలా పనిచేస్తుందిరా?" అని నన్నడిగింది. ఆసుపత్రి లేబొరేటరీలో ఉద్యోగం చేస్తూ కూడా నేను సరైన జవాబు చెప్పలేకపోయాను.

జవాబు అప్పటికి ముప్పై ఏళ్ల క్రితమే దొరికింది. కనిపెట్టినవాడు ఫ్రెడరిక్ సేంగర్, 1918లో పుట్టిన ఇంగ్లీషువాడు. కేంబ్రిడ్జిలో 1943లో డాక్టరేటు పొందాడు. కలిగిన కుటుంబం కనుక చదువుకునే రోజుల్లో జీతం కోసం వెతుక్కోవలసిన అవసరం రాలేదు. ఆ వెసులుబాటు అందరికీ ఉండదు, అదీ చెప్పుకోవాలి. ఆచార్యుడు చిబ్నాల్ ఆయనకు ఇన్సులిన్ మీద పని అప్పగించాడు. కారణం పెద్దదేమీ కాదు. మందుల షాపులో కొనుక్కోగలిగిన శుద్ధమైన ప్రోటీను అది.

ప్రోటీన్లంటే అమైనో ఆమ్లాల గొలుసులు. చిన్న గొలుసైతే పెప్టైడ్ అంటారు. వాటిలో ఏది ఎక్కడ ఉండాలన్న కచ్చితమైన వరుస ఉంటుందని ఆ రోజుల్లో చాలామంది నమ్మలేదు. సేంగర్ ఒక రసాయనంతో గొలుసు కొసన ఉన్న ఆమ్లానికి పసుపు రంగు పట్టించాడు. తరువాత గొలుసును ఆమ్లాలతోనూ ఎంజైములతోనూ ముక్కలు చేసి, వడపోత కాగితం మీద విడదీసి చదివాడు. మన సర్వీసు రిజిస్టరు పేజీ ఒకటి చిరిగిపోయిందనుకోండి. అదే పేజీ ఇంకో ప్రతి మరోచోట చిరిగితే, రెండింటి ముక్కలూ పక్కపక్కన పెట్టి ఇంక్రిమెంటు తేదీల వరుస పట్టేయవచ్చు. ఆయన చేసిందీ అదే. 30 ఆమ్లాల గొలుసు వరుస 1951లో హన్స్ టుప్పీతో కలిసి, 21 ఆమ్లాల గొలుసుది 1953లో థాంప్సన్‌తో కలిసి తేల్చాడు. రెంటినీ కలిపే గంధకపు లంకెలు తేలేసరికి 1955 వచ్చింది. మొత్తం 51 ఆమ్లాలకు పన్నెండేళ్లు! 1958లో నోబెల్ బహుమతి వచ్చింది.

పంది, గొర్రెల ఇన్సులిన్ వరుసలు కూడా ఆయన బృందమే చదివింది. తరువాత మనిషిది తెలిశాక పోల్చి చూస్తే, పందిదానికీ మనదానికీ తేడా ఒక్క ఆమ్లం, పశువుదానికి మూడు. మా అమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. మిగతా వరుసంతా ఒకటే కనుక మన ఒంట్లో పనిచేసేది. ఆ కాస్త తేడా కొందరి ఒంటికి పడేది కాదు.

వరుస తెలిశాక తయారు చేయటం వీలైంది. ఆ వరుసకు సరిపోయే జన్యువులను అమెరికాలో రసాయనికంగా కూర్చి బాక్టీరియాలో పెట్టి, 1978లో మానవ ఇన్సులిన్ రాబట్టారు. 1982లో అక్కడ మందుగా అనుమతి వచ్చింది. కాబట్టి మిత్రమా, మనుషుల్లోంచి తీయరు. మనిషి ఒంట్లో ఉండే వరుసనే సూక్ష్మజీవుల చేత తయారుచేయిస్తారు. సీసా మీద 'ఆర్-డీఎన్ఏ' అని ఉండేది అందుకే.

సేంగర్ అక్కడ ఆగలేదు. డీఎన్ఏ వరుస చదివే పద్ధతి కనిపెట్టి, 1980లో రెండో నోబెల్ పంచుకున్నాడు. 1994లో 'ప్రోటియోమ్' అన్న మాట పుట్టింది. ఒక జీవిలోని ప్రోటీన్లన్నీ అని దానర్థం. ఇవాళ ఒక యంత్రం ఒక్క రోజులో వేల ప్రోటీన్లను గుర్తుపడుతుంది. అదీ పెప్టైడ్ ముక్కలు చేసి చదివే పనే.

మన సంఘంలో మాట్లాడుతూ ఈ సంగతి చెప్పకపోతే ఎలా? సేంగర్ 1983లో, 65వ ఏట పదవీ విరమణ చేశాడు. సలహాదారు కుర్చీ కోసం వెంపర్లాడకుండా కేంబ్రిడ్జి దగ్గర పల్లెలో తోటపని చేసుకున్నాడు. సర్ బిరుదు ఇస్తామంటే వద్దన్నాడు. 2013లో, 95వ ఏట పోయాడు.

మా అమ్మ 1991లో పోయింది. కొత్త రకం సీసా చూడనేలేదు.