గబ్బిలముల జిజ్ఞాస

గబ్బిలము ఇంట దూరినచో అరిష్టమని తలుపులు బార్లా తెరచి, చీపురు చేతబట్టి తరుముట మనకు అలవాటు. క్రొత్తదానిని శోధించి చూచు గుణము కోతికి, కాకికి కలదని ఒప్పుకొందుము గాని, పాపము, గబ్బిలమున కా గౌరవ మీయము.

మధ్య అమెరికాలోని పనామా అడవులలో కప్పలను పట్టి తిను గబ్బిలమొకటి కలదు. దాని పెదవులపై చిన్న చిన్న బొడిపెలుండును. వానకాలపు రాత్రులందు మగకప్పలు ఆడకప్పలను పిలుచుచు నీటిగుంటలలో బెకబెకలాడును. గబ్బిలము ఆ ధ్వని వెంబడి వచ్చి, కూయుచున్న కప్పను తన్నుకొనిపోవును. ఈ సంగతిని మెర్లిన్ టటిల్, మైకేల్ రయన్ గార్లు 1981లో వెల్లడించిరి.

అయితే అచటనే విషపు గోదురుకప్పలును అరచుచుండును. ఎరిగిన కూతనే నమ్ముకొన్నచో క్రొత్త ఆహారము దొరకదు. ప్రతి కూతకును ఎగబడినచో ప్రాణము దక్కదు. ఈ ఇరకాటమునుండి గబ్బిలము ఎట్లు బయటపడుచున్నది?

రేచల్ పేజ్, రయన్ గార్లు పట్టి తెచ్చిన గబ్బిలములకు స్పీకరుపై ఆహారముంచి, మంచి కప్ప కూతను కొంచెము కొంచెముగ విషపుకప్ప కూతగ మార్చిరి. గబ్బిలములు ఆ కూతకును వచ్చి ఆహారము గైకొనెను. 2005లో ప్రకటింపబడిన విషయమిది. మరుసటి ఏటి పరీక్ష నాకు మరింత వింతగ తోచును. పాఠమెరిగిన తోటి గబ్బిలమును గమనించినవి సగటున 5 మారులలో దానిని నేర్చెను. ఒంటరిగ తడుముకొన్నవాటికి సుమారు 100 మారులు కావలసివచ్చెను.

సాహసమునకు తోడు పరీక్షయు కలదు. సమీపించినకొలది తన కీచుధ్వనుల ప్రతిధ్వనులచే ఎర పరిమాణమును కనిపెట్టును. నోట తగిలిన పిదప చర్మమునందలి విషమును పసికట్టి విడిచిపెట్టును.

2022లో వెలువడిన పరిశోధన ఇంకొకటి. 49 గబ్బిలములకు సెల్‌ఫోను గంట మ్రోగినచోట ఆహారముండునని నేర్పి, అడవిలో విడిచిరి. అట్టి గంటవలె కూయు కప్ప ఆ అడవిలో లేదు గదా! ఒకటి మొదలు నాలుగేండ్ల తరువాత వానిలో 8 మరల చిక్కినవి. గంట వినిపింపగనే ఆ ఎనిమిదియు దానివైపు ఎగిరెను. ఆ పాఠ మెరుగని గబ్బిలములు చాలవరకు చెవులు మాత్రము కదల్చి, ఉన్నచోటనే వ్రేలాడుచుండెను.