నదీరక్షణము – తీరవాసుల హక్కులు



నది యనగా పారు నీరు మాత్రమే కాదు. రెండు గట్లు, వాటిపై చెట్లు, వరదకు మునుగు పల్లపు నేలలు కూడ నదిలోని భాగములే. చెట్టు పోయిన గట్టు కోసుకొనిపోవును. గట్టు పోయిన చేను పోవును. కాని ఆ గట్ల వెంబడి ఒకరి చేను, ఒకరి ఇల్లు ఉండును. ఆ నీటిపై ఒక నగరము దప్పిక తీర్చుకొనుచుండును. నదిని కాపాడ వచ్చినవారు తమ భూమిని లాగికొందురేమోయని తీరవాసులు భయపడుట సహజము.

ఈ చిక్కును అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున ఫార్మింగ్టన్ నదీతీరవాసులు విప్పుకొనిన తీరు తెలిసికొనదగినది. ఆ దేశమున 1968లో నదీరక్షణ శాసనము వెలసినది. దాని క్రింద చేరిన నదీభాగమునకు హాని చేయు క్రొత్త ఆనకట్టలకు కేంద్రప్రభుత్వము అనుమతి నీయరాదు. ఫార్మింగ్టన్ నది ఇందుకు తగునా యని పరిశీలించుటకు 1986లో ఉత్తరువైనది.

హార్ట్‌ఫర్డ్ నగరమునకు త్రాగునీరు ఆ నది ఉపనదులనుండియే పోవుచున్నది. ఇంకను నీరు తీసినచో చేపలు, ప్రవాహము ఏమగునని ఒడ్డువారి చింత. నది కాపుదల పేరిట నీరు కట్టుబడునేమోయని నగరము చింత. తమ భూమి పోవునేమోయని ఆస్తిపరుల చింత. అందుచే గ్రామప్రతినిధులు, రాష్ట్రాధికారులు, నీటిసరఫరా సంస్థవారు ఒక్కచోట కూర్చుండిరి. నదికి ఎంత నీరు విడువవలెనో శాస్త్రీయముగా కొలిపించిరి. వాదము అంచనాలపై గాక లెక్కలపై నడచెను.

తీరగ్రామములవారు తమ సభలలో ఈ యేర్పాటునకు సమ్మతి తెలిపిరి. గట్టునకు దగ్గరగా క్రొత్త కట్టడములు కట్టుట, చెట్లు నరకుట విషయమున తామే కట్టుబాట్లు చేసికొనిరి. పిమ్మట 1994లో 14 మైళ్ల నదీభాగము శాసనము క్రిందికి వచ్చినది. యజమాని యిష్టము లేక కేంద్రము భూమి తీసికొనరాదు. భూవినియోగ నియమములు గ్రామముల చేతనే నిలిచినవి. ఎగువనున్న పాత ఆనకట్టలును తొలగింపబడలేదు.

ఇందు ఎవరి హక్కును పోలేదు. ఎవరి బాధ్యతయు తప్పలేదు. గట్టుపై చెట్టు నిలుపుటవలన యజమానికి కొంత స్వేచ్ఛ తగ్గినను, అతని చేనే నిలిచినది. బలవంతముగా విధించిన కట్టుబాటు కాపలాదారు కనుమరుగైన నాడే సడలును. తాము చర్చించి ఒప్పుకొనిన కట్టుబాటునకు ఊరంతయు కాపలాయే.

అట్టి చర్చకు ముందుగా తెలివిడి కావలెను. గ్రామపటములు, భూమి హద్దులు, వానల లెక్కలు, నీటి శాసనములు అందరికిని చదువనందునట్లు చేయుట గ్రంథాలయమునకు తగిన సేవ. నది విషయమై తీర్పు చెప్పవలసినవాడు దానిని ఎరిగినవాడే కావలయును గదా!