బొగ్గుట్ట: ఒక గని పట్టణం, దాని మనుషులు

 

బతుకుతెరువు కోసం సొంత ఊరు విడిచి నగరానికి వచ్చి స్థిరపడినవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. వలసను గురించి మాట్లాడేటప్పుడు కరువు, చదువు, ఉద్యోగం అనే కారణాలే ఎక్కువగా వినిపిస్తాయి. నేల అడుగున సంపద దొరికినందువల్ల పుట్టి, ఆ సంపద తరిగిపోయినందువల్ల పలచబడిన ఊళ్లు కూడా ఉన్నాయి. కర్ణాటకలోని తెలుగువారికి కోలారు బంగారు గనుల సంగతి తెలిసినదే. 2001లో ఆ గనులు మూతపడిన తరువాత అక్కడి కుటుంబాలవారెందరో రోజూ రైలెక్కి బెంగళూరుకు వచ్చి పనిచేసుకుని తిరిగి వెళుతున్నారు. బొగ్గు విషయంలో అటువంటి ఊరు తెలుగునేల మీద ఒకటి ఉంది. అది ఇల్లెందు.

ఇల్లెందు నేటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో, ఖమ్మానికి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న పురపాలక పట్టణం. నిజాం కాలం నాటి ఇంగ్లీషు గెజిటీరులో దీని పేరు ఎల్లందలపాడు. చుట్టుపక్కల జనం నోట మాత్రం బొగ్గుట్ట. దక్షిణ భారతంలో బొగ్గు తవ్వకానికి పుట్టినిల్లు ఈ ఊరే.

భద్రాచలం వెళుతున్న యాత్రికులు దారిలో వంట కోసం మూడు నల్లరాళ్లు పెట్టి పొయ్యి వెలిగించగా, కట్టెలతోపాటు రాళ్లు కూడా అంటుకున్నాయని ఆ ప్రాంతంలో ఒక కథ చెప్పుకుంటారు. కథ ఎలా ఉన్నా, శాస్త్రీయమైన ఆనవాలు దొరికింది 1871 ప్రాంతంలో. భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ సింగరేణి గ్రామ పరిసరాలను పరిశీలించి, అక్కడ బొగ్గు ఉన్నదని నిర్ధారించాడు. ఆయన పేరు మీదనే అక్కడి ముఖ్యమైన బొగ్గు పొరను నేటికీ కింగ్ సీమ్ అంటారు. మహారాష్ట్రలోని వార్ధా నది ప్రాంతం నుంచి ప్రాణహిత, గోదావరి లోయల వెంబడి సాగిన ఒకే బొగ్గు పట్టీలో ఇదొక భాగం. చంద్రపూర్, బల్లార్‌పూర్ గనుల్లో తరతరాలుగా పనిచేసిన తెలుగు కుటుంబాలు తవ్వినదీ ఆ పట్టీలోని బొగ్గే.

బొగ్గు ఉన్నదని తెలిసినా, దానిని తరలించే దారి లేక తవ్వకం వెంటనే మొదలుకాలేదు. సికింద్రాబాదు నుంచి వరంగల్లు మీదుగా బెజవాడ వరకు నిజాం రైలుమార్గం 1889లో పూర్తయింది. డోర్నకల్ దగ్గర చీలిన శాఖా మార్గం ఇల్లెందు గనులను దానితో కలిపింది. ఆ ఏడాదే వ్యాపార స్థాయిలో తవ్వకం మొదలై, తొలి సంవత్సరంలో దాదాపు 60 వేల టన్నుల బొగ్గు బయటికి వచ్చింది. పన్నెండేళ్లు గడిచేసరికి ఆ లెక్క ఏటా నాలుగు లక్షల టన్నులకు చేరింది. నిజాం రైళ్లు ఆ బొగ్గుతోనే నడిచాయి.

తవ్వకం హక్కు పొందినది 1886లో లండనులో నమోదైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ. ఆ ఒప్పందంలో నిజాం ప్రభుత్వం తరఫున వ్యవహరించిన సర్దార్ అబ్దుల్ హక్‌కే ఆ కంపెనీ వాటాలు దక్కాయన్న విషయం బయటపడి పెద్ద దుమారం రేగింది. బ్రిటిషు పార్లమెంటు 1888లో దానిపై విచారణ సంఘాన్ని నియమించింది. ఇల్లెందు బొగ్గు పూర్తిస్థాయిలో బయటికి రాకముందే దాని మీద లాభం ఎవరిదన్న తగాదా లండను దాకా వెళ్లిందన్నమాట. ఆ తగాదాలో గని తవ్విన కూలీ పేరు ఎక్కడా రాలేదు.

1920 డిసెంబరు 23న ఆ వ్యాపారం సింగరేణి కాలరీస్ కంపెనీగా మారింది. దాని కార్యదర్శులుగా, అమ్మకందారులుగా మద్రాసుకు చెందిన బెస్ట్ అండ్ కంపెనీ వ్యవహరించింది. 1945లో నిజాం ప్రభుత్వం అధిక వాటాలు కొనుగోలు చేసింది. 1956లో ఆ వాటాలు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి సంక్రమించాయి. 1960లో కేంద్రం కూడా భాగస్వామి అయింది. నేడు అందులో 51 శాతం తెలంగాణ ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది.

ఈ చరిత్రలో ఇల్లెందుకు దక్కినదేమిటని చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. సంస్థకు వచ్చిన పేరు కారేపల్లి దగ్గరున్న సింగరేణి గ్రామానిది. దాని ప్రధాన కార్యాలయం కొత్తగూడెంలో ఉంది. తొలి గని తవ్వినది మాత్రం ఇల్లెందులో. బొగ్గు ఎలాగూ రైలెక్కి వెళ్లిపోయింది. ఆ ఊరికి నిజంగా మిగిలినవారు దాని మనుషులే.

ఆ మనుషులు ఎవరు? చుట్టూ అడవి, కోయ గూడేలు, లంబాడీ తండాలు. గని పని ఎరిగినవారు మొదట అక్కడ లేరు. బయటి ప్రాంతాల నుంచి కూలీలు, మేస్త్రీలు, గుమాస్తాలు వచ్చారు. ఊళ్లలో భూమి లేనివారు, వెట్టిచాకిరీ నుంచి తప్పించుకున్నవారు, అప్పు తీరని రైతులు క్రమంగా గని బాట పట్టారు. పొలం బావిని తెలంగాణలో బాయి అంటారు. భూమిలోకి దిగే గనికి కూడా ఆ పేరే స్థిరపడింది. కార్మికుడు పనికి వెళ్లడమంటే బాయికి పోవడమే. హాజరు మస్టరు, పనికి రాకపోతే నాగా, పనివారి మీద సర్దారు, బొగ్గు నింపే బండి టబ్బు, దానిని తాడుతో లాగే యంత్రం హాలేజీ. ఉర్దూ, ఇంగ్లీషు, తెలుగు కలిసిన ఈ మాటలు ఏ నిఘంటువు చూసి పుట్టినవి కావు. వేర్వేరు భాషలవారు చీకట్లో ఒకరినొకరు ప్రమాదం నుంచి కాపాడుకోవలసిన అవసరమే వాటిని పుట్టించింది.

భూగర్భ గనిలో పని ఎలా సాగేదో తెలియని తరం నేడు ఎదిగింది. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అని మూడు షిఫ్టులు. సైరను మోతతో ఊరు లేచేది, ఊరు తినేది, ఊరు పడుకునేది. కార్మికుడు మస్టరు వేయించుకుని, టోపీకి దీపం తగిలించుకుని, ఏటవాలు దారి గుండా కిందికి నడిచేవాడు. బొగ్గు పొరలో గదులుగా తవ్వుతూ, మధ్యలో కప్పు కూలకుండా బొగ్గునే స్తంభాలుగా వదిలేవారు. మందుగుండుతో పేల్చిన బొగ్గును తట్ట, చెమ్మస్‌లతో ఎత్తి టబ్బులో నింపడం ఫిల్లరు పని. కప్పుకు కర్ర దుంగలు ఊతం పెట్టడం టింబరు పనివాడిది. పైకప్పును కర్రతో తట్టి, ఆ చప్పుడును బట్టి అది గట్టిగా ఉన్నదో, వదులైనదో చెప్పగలగడం అనుభవజ్ఞుల విద్య. ఏ బడిలోనూ నేర్పని ఆ విద్య ఎందరి ప్రాణాలో నిలిపింది. అది సరిపోని రోజులు కూడా ఉన్నాయి. కప్పు కూలి, వాయువు కమ్మి, నీరు ముంచుకువచ్చి గనుల్లో మరణించినవారి ఇళ్లలో ఆ సైరను మోతకు వేరే అర్థం ఉండేది.

స్త్రీల శ్రమ గురించి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. భారతదేశపు తొలినాటి బొగ్గు గనుల్లో స్త్రీలు కూడా బొగ్గు మోశారు. 1952 గనుల చట్టం వారిని భూగర్భ పనికి దూరం చేసింది. షరతులతో మళ్లీ అనుమతి వచ్చినది 2019లో. ఈ మధ్యకాలంలో గని ఊళ్ల స్త్రీల పని ఏ మస్టరులోనూ ఎక్కలేదు. షిఫ్టులు మారినప్పుడల్లా వంట వేళలు మార్చుకున్నవారు, బొగ్గు మసి పట్టిన బట్టలు ఉతికినవారు, జీతం రోజున వడ్డీవ్యాపారి కంటే ముందుగా ఇంటి ఖర్చు కాపాడుకున్నవారు, భర్త గనిలో పోతే పిల్లలను సాకినవారు వారే.

1940 దశకంలో మఖ్దూం మొహియుద్దీన్, రాజ్‌బహదూర్ గౌర్ వంటి నాయకుల చేయూతతో సింగరేణి గనుల్లో కార్మిక సంఘం వేళ్లూనుకుంది. ఎనిమిది గంటల పని, భవిష్యనిధి, వేతనంతో కూడిన సెలవు, వైద్యం ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. వాటి వెనుక సమ్మెలు, జైళ్లు, పస్తులు ఉన్నాయి. ఈ నగరంలో నిర్మాణపు పనుల్లో, కాపలా ఉద్యోగాల్లో రోజుకు పన్నెండు గంటలు గడుపుతున్న వలస కార్మికుడికి ఆ చరిత్ర పాతది కాదు.

ఇక ఊరు పలచబడిన తీరు. ఇల్లెందులో సులువుగా దొరికే బొగ్గు తరిగేకొద్దీ తవ్వకం కొత్త చోట్లకు సాగింది. బెల్లంపల్లి, కొత్తగూడెం, ఆ తరువాత రామగుండం, మణుగూరు గనులు తెరుచుకున్నాయి. ఇల్లెందు కార్మికులు బదిలీల మీద ఆ ఊళ్లకు వెళ్లారు. 1970ల మధ్య నుంచి సింగరేణిలో ఉపరితల గనులు వచ్చాయి. వందలమంది చేసే పనిని కొన్ని యంత్రాలు చేయసాగాయి. 1990ల తొలినాళ్లలో సంస్థ మొత్తంలో లక్షా పదివేలకు పైగా ఉన్న కార్మికుల సంఖ్య నేడు నలభై వేల చుట్టూ ఉంది. ఇల్లెందు ఊరి కింద సాగిన భూగర్భ గనులు ఒకదాని వెంట ఒకటి మూతపడ్డాయి. ఒకప్పుడు తాతలు కప్పు నిలపడానికి వదిలిన బొగ్గు స్తంభాలను తరువాతి కాలంలో పైనుంచి నేలను తొలగించి యంత్రాలతో తవ్వి తీశారు.

తండ్రి తరువాత కొడుకుకు దక్కే వారసత్వ ఉద్యోగం గని ఇంటికి ఏకైక ఆస్తి. 1990ల చివరికి ఆ దారి మూసుకుపోయింది. తరువాత కారుణ్య నియామకాల రూపంలో కొంత తెరుచుకున్నా, అప్పటికే ఒక తరం ఊరు విడిచింది. స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నవారు, ఉద్యోగం ముగియగానే కంపెనీ క్వార్టరు ఖాళీ చేయవలసి వచ్చినవారు పిల్లలున్న చోటికి చేరారు. హైదరాబాదు, బెంగళూరు, చెన్నై, పుణే నగరాల్లోని రెండు గదుల ఇళ్లలో ఇప్పుడు ఆ వృద్ధులు ఉన్నారు. అపార్ట్‌మెంటు లిఫ్టులో ఎదురుపడే ఆ పెద్దాయన ముప్పై ఏళ్లు భూమి లోపల నడిచాడని పక్కింటివారికి తెలియదు. కొన్ని ఇళ్లలో మనుమలకు కూడా తెలియదు.

అందువల్ల ఈ సభ ముందుంచే విన్నపాలు రెండు.

మొదటిది, ఆ వృద్ధుల హక్కుకు సంబంధించినది. బొగ్గు గని కార్మికుల పింఛను పథకం 1998లో అమలులోకి వచ్చింది. ధరలు పెరిగినకొద్దీ దానంతట అది పెరిగే ఏర్పాటు అందులో లేదు. ఏళ్ల క్రితం నిర్ణయమైన చిన్న మొత్తంతోనే చాలామంది కాలం వెళ్లదీస్తున్నారు. ఆ చిన్న మొత్తం కూడా ఏటా జీవన ధ్రువపత్రం అందకపోతే ఆగిపోతుంది. ఊరు మారినందువల్ల, వేలిముద్రలు అరిగిపోయినందువల్ల, బ్యాంకు ఖాతా పాత ఊరిలోనే ఉండిపోయినందువల్ల ఇబ్బంది పడేవారు ఉన్నారు. జీవన్ ప్రమాణ్ పద్ధతిలో ఏ నగరం నుంచైనా ఆ పత్రం సమర్పించవచ్చు. వేలిముద్ర పడకపోతే ముఖం గుర్తింపుతో కూడా అది సాధ్యమే. పింఛను ఉత్తర్వు, భవిష్యనిధి ఖాతా సంఖ్య, ఉద్యోగి సంఖ్య, దంపతుల ఉమ్మడి ఫోటో ఇంట్లో ఒకే చోట భద్రపరచాలి. పింఛనుదారు మరణిస్తే భార్యకు కుటుంబ పింఛను వస్తుంది. ఆమె పేరు కాగితాల్లో ఒకే విధంగా ఉన్నదో లేదో ఇద్దరూ జీవించి ఉండగానే సరిచూసుకోవాలి.

రెండవది, జ్ఞాపకానికి సంబంధించినది. కంపెనీ చరిత్రలో టన్నుల లెక్కలు దొరుకుతాయి. ఏ గనిలో ఏ గాలి వీచేదో, మొదటిసారి దిగిన రోజున ఎవరు చేయి పట్టుకుని నడిపించారో, సమ్మె రోజుల్లో ఏ ఇంట పొయ్యి వెలిగిందో ఆ లెక్కల్లో దొరకదు. అది ఈ నగరపు ఇళ్లలో, ఆ వృద్ధుల నోట మాత్రమే మిగిలి ఉంది. పాత మస్టరు చీటీ, జీతపు కాగితం, గని దగ్గర దిగిన ఫోటో దొరికితే పారవేయకూడదు. వెనుక పేరు, గని, సంవత్సరం రాసి దాచాలి. చేతిలో ఉన్న ఫోనులోనే వారి మాటలు రికార్డు చేయవచ్చు. మొదట ఏ బాయిలో దిగారు, ఏ పని చేశారు, సర్దారు ఎవరు, ఎప్పుడు భయపడ్డారు, జీతంతో మొదట ఏమి కొన్నారు అని అడిగితే చాలు. ఇంట్లో అమ్మమ్మను, నానమ్మను కూడా అడగాలి. గని కథను ఆమె మరో వైపు నుంచి చెబుతుంది.

ఇల్లెందు పేరు సంస్థకు దక్కలేదు. దాని బొగ్గు ఏనాడో బూడిద అయింది. దాని మనుషులు మాత్రం ఇంకా ఉన్నారు. వారిలో కొందరు ఈ నగరంలోనే, ఈ సభలో కూర్చున్నవారి ఇళ్లలోనే ఉన్నారు. ఈ సాయంత్రం ఇంటికి వెళ్లిన తరువాత వారి పక్కన కాసేపు కూర్చుని ఒక్క ప్రశ్న అడిగితే, ఈ ప్రసంగం చేరవలసిన చోటికి చేరినట్టే.