క్లబ్బు గోడ లోపలి సీసా

(సుల్తాన్‌పూర్‌లో కూలీలు, యువకులు, మహిళా సంఘాల వాళ్లు కూడిన సభలో చేసిన ప్రసంగం)



పొద్దంతా కంపెనీలల్ల నిలబడి, ఇంటికి కూడ పోకుండ ఇటే వచ్చిండ్రు. అందుకని నేరుగ విషయానికే వస్తాను.

మన తమ్ముళ్లు కొందరు ఒక ప్రశ్న పెట్టిండ్రు. "పట్నంల పెద్దోళ్ల క్లబ్బులకు మందు లైసెన్సు ఇస్తున్నరు గదా, మన యువజన సంఘం పేరు మీద మనమూ తెచ్చుకుంటే తప్పేంది?" అని. అడగవలసిన ప్రశ్నే. కోపం చేయవలసిన పని లేదు. ముందు చట్టంలో క్లబ్బంటే ఏందో చూద్దాం.

వైన్ షాపుకు ఏ-4 లైసెన్సు, బారుకు 2-బి, క్లబ్బుకు సి-1. మూడింటికీ తల్లి 1968 నాటి ఎక్సైజు చట్టమే. షాపు, బారు వచ్చినోళ్లందరికీ అమ్ముతయి. క్లబ్బు అట్ల కాదు. సభ్యులకు, సభ్యులు వెంట తెచ్చిన అతిథులకు మాత్రమే. అది సొసైటీగనో కంపెనీగనో రిజిస్టరు అయి ఉంటది. నిజాం కాలంల 1350 ఫసలీ చట్టమని ఉండె, 2001 నుంచి కొత్త సొసైటీల చట్టం వచ్చింది. "లాభాపేక్ష లేని సంస్థ" అని రాసుకుంటరు. అంటే లాభం రాదని కాదు, వచ్చినది సభ్యులు పంచుకోరని. ఈ మాట గుర్తు పెట్టుకోండి, సేవా సంస్థ అనుకుని మోసపోకండి.

ఇంకో విచిత్రం. సభ్యుడు తన క్లబ్బులో పైసలిచ్చి తింటే, తాగితే అది అమ్మకం కిందికి వస్తదా? 1970లో మద్రాసు యంగ్ మెన్స్ ఇండియన్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు రాదన్నది. తమ సొత్తును తామే వాడుకున్నట్టు, కనుక అమ్మకం పన్ను పడదని. పన్ను వేద్దామని 1982లో 46వ రాజ్యాంగ సవరణ తెచ్చిండ్రు. 2019లో కలకత్తా క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు మళ్లా పాత మాటే చెప్పింది. మన బస్తీల నలుగురు కూలీలు తలా ఇంత వేసుకుని ఒక సీసా పంచుకుంటే వాళ్లకు తాగుబోతులని పేరు. వాళ్ల తరఫున ఇట్లాంటి సూత్రం చెప్పి ఏ వకీలూ నిలబడడు.

సభ్యత్వం ముచ్చట మరీ ఘోరం. రాజ్యాంగం 15(2) ప్రకారం దుకాణంల, హోటల్ల కులం పేరుతో ఎవ్వరినీ ఆపరాదు. ప్రైవేటు క్లబ్బు మాత్రం సభ్యులను తానే ఏరుకుంటది. 2005లో పార్సీల ఇండ్ల సొసైటీ కేసులో, తమ వాళ్లకే సభ్యత్వం అన్న నియమం చెల్లుతుందని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇండ్ల సొసైటీకి చెల్లిన వాదన క్లబ్బోళ్లకు పనికిరాదా? అయినా కులం పేరు కాగితం మీద రాసే అవసరమే లేదు. ప్రవేశ రుసుము, ఇద్దరు పాత సభ్యుల సిఫారసు చాలు. మనం లోపలికి పోయేది ప్లేట్లు కడగడానికే.

మరి మనమే పెడితే? 2021 నుంచి వైన్ షాపులల్ల ఎస్సీలకు 10 శాతం, ఎస్టీలకు 5 శాతం, గౌడులకు 15 శాతం కేటాయించిండ్రు. ఒక్క దరఖాస్తుకు అప్పుడు 2 లక్షలు, 2025లో 3 లక్షలు. లాటరీ తగలకున్నా ఆ పైసలు తిరిగి రావు. కంపెనీల కాంట్రాక్టు కూలి చేసేటోడు ఎక్కడి నుంచి తెస్తడు? పేరు మనది, పెట్టుబడి ఇంకొకనిది అయితది. క్లబ్బు అయినా అంతే. బిల్డింగు వాడిది, సరుకు వాడిది, కేసు వస్తే కమిటీ మీద సంతకం పెట్టిన పిల్లగాడిది. మందు వ్యాపారం ఎవరికీ హక్కు కాదని 1994లోనే ఖోడే డిస్టిలరీస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే సర్కారు ఇస్తే ఉన్నట్టు, గుంజుకుంటే పోయినట్టు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడోళ్లు లేస్తేనే 1993 అక్టోబరు 1న సారా బందయింది. 1995 జనవరి 16 నుంచి మొత్తం మందు బంద్ పెట్టిండ్రు, 1997లో ఎత్తేసిండ్రు. ఎత్తేసేటప్పుడు ఆ అక్కలను ఎవరూ అడగలేదు. మనమన్నా అడగాలె గదా. అంబేద్కర్ ఫొటో ఉన్న సంఘం గదిలో సీసాలు పెడదామా అని ఇక్కడున్న అక్కలను అడగండి. వాళ్లు ఒప్పుకుంటే నేను నోరు మూసుకుంట.

ఇక మన చుట్టుపక్కల సంగతి. ఔటర్ రింగు రోడ్డు వచ్చింది, 2017లో మెడికల్ డివైజెస్ పార్కు వచ్చింది, వాటి వెంట వెంచర్లు, గేట్ల కాలనీలు, క్లబ్ హౌసులు. క్లబ్ హౌసు అని బోర్డు కట్టినంత మాత్రాన మందు అమ్మే హక్కు రాదు. లైసెన్సు ఉండాలె, లేదంటే ఫంక్షన్‌కు ఆ ఒక్కరోజు పర్మిట్ ఉండాలె. అవి లేకుండ అమ్మితే బెల్టు షాపుకూ దానికీ తేడా లేదు. బెల్టు షాపు మీద దాడి చేసే ఎక్సైజోళ్లు ఆ గేటు కూడ దాటాలె. షెడ్యూల్డ్ ప్రాంతంలనైతే 1996 చట్టం మత్తు పదార్థాల మీద గ్రామసభకు అధికారం ఇచ్చింది. మనకు అది వర్తించదు, అర్జీలే దిక్కు.

కనుక సంగారెడ్డి ఎక్సైజు ఆఫీసుకు సమాచార హక్కు కింద అడుగుదాం. మన మండలంల సి-1 లైసెన్సులు ఎన్ని, ఎవరి పేరు మీద, ఏ షరతులతో, ఎన్నిసార్లు తనిఖీ చేసిండ్రు? 30 రోజుల్ల జవాబియ్యాలె. కాగితం, కలం నా దగ్గర ఉన్నయి. రాసేటోళ్లు సభ అయినంక ఒక పది నిమిషాలు ఆగండి. మొదటి సంతకం అక్కలది.