నూట ముప్పై డాలర్ల సంతకం



సూపర్‌మాన్ బొమ్మ మీ పిల్లలు చూసే ఉంటారు. నీలం బట్టలు, వీపున ఎర్రటి గుడ్డ. ఆకాశంలో పక్షిలా ఎగురుతాడు. కారును అమాంతం ఎత్తేస్తాడు. ఆ బొమ్మను మొదట గీసిన మనిషి పేరు జో షుస్టర్. కథ రాసింది అతని స్నేహితుడు జెర్రీ సీగెల్.

జో 1914లో కెనడా దేశంలోని టొరంటోలో పుట్టాడు. తండ్రి దర్జీ. ఇంట్లో డబ్బుకు కటకట. చిన్నతనంలోనే జో వీధుల్లో పేపర్లు అమ్మాడు. తర్వాత ఆ కుటుంబం అమెరికాలోని క్లీవ్‌లాండ్ పట్నం చేరింది.

బొమ్మలంటే పిచ్చి. కాగితం కొనే తాహతు లేదు. పొట్లాలు కట్టే కాగితం మీద, గోడలకు అంటించే కాగితం వెనకవైపు గీసేవాడు. బల్ల కూడా లేదు. అమ్మ రొట్టెల పిండి పిసికే చెక్కే అతని బల్ల. అమ్మకు చెక్క కావాలంటే బొమ్మ ఆగిపోవాల్సిందే! చలికాలంలో ఇల్లు మంచులా ఉండేది. స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని గీసేవాడట. పైగా చూపు తక్కువ.

జెర్రీ అతనికి బడిలో కలిశాడు. ఇద్దరూ కలిసి సూపర్‌మాన్‌ను తయారు చేశారు. ఏళ్ల తరబడి పత్రికలకు పంపారు. ఎవరూ వేసుకోలేదు. చివరకు 1938లో ఒక కంపెనీ సరేనంది. 13 పేజీలకు 130 డాలర్లు. కాని ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. సూపర్‌మాన్ ఇక ఎప్పటికీ కంపెనీదే అని అందులో ఉంది.

ఇద్దరికీ చదువు వచ్చు. చదివే పెట్టారు. తమ బొమ్మ అచ్చులో చూసుకోవాలన్న ఆశ అలాంటిది. అప్పటికి జోకు 23 ఏళ్లు.

పుస్తకం వేడి వేడిగా అమ్ముడుపోయింది. రేడియోలో సూపర్‌మాన్, సినిమాలో సూపర్‌మాన్. ఇద్దరికీ పని మాత్రం దొరికింది. పేజీకి ఇంత అని కూలి. కూలి తక్కువేం కాదు, కొన్నాళ్లు బాగానే బతికారు. సొమ్ము మాత్రం కంపెనీదే.

1947లో కోర్టుకు వెళ్లారు. ఆ పాత కాగితమే అడ్డం వచ్చింది. కొంత డబ్బు తీసుకుని రాజీపడ్డారు. పని పోయింది. పుస్తకాల మీద వాళ్ల పేర్లు కూడా తీసేశారు. జోకు చూపు ఇంకా తగ్గింది. గీసే చెయ్యి ఆగిపోయింది. తమ్ముడి పంచన చేరాడు.

1975లో సూపర్‌మాన్ మీద పెద్ద సినిమా తీస్తున్నారని తెలిసింది. జెర్రీ కడుపుమండి పత్రికలకు ఉత్తరాలు రాశాడు. బొమ్మలు గీసేవాళ్లు ఎందరో వాళ్ల పక్షాన నిలిచారు. పేపర్లు రాశాయి. కంపెనీ దిగివచ్చింది. కోర్టు చెప్పి కాదు, నలుగురూ అడిగితే! ఒక్కొక్కరికీ ఏడాదికి 20,000 డాలర్లు ఇస్తామంది. పేర్లు మళ్లీ వేసింది. 1978లో సినిమా వచ్చింది. తెర మీద ఇద్దరి పేర్లూ పడ్డాయి.

జో 1992లో చనిపోయాడు.

ఆ 130 డాలర్లు కూడా కలిపి ఇచ్చిన 1938 నాటి చెక్కు ఇంకా ఉంది. దాని మీద వాళ్ల పేర్లు తప్పుగా రాశారు. 2012లో ఆ చెక్కును వేలం వేశారు. 1,60,000 డాలర్లు పలికింది.